ఎడమ భుజం మీది పూవు

పోయిన వారం లక్ష్మీప్రియను పెనుకొండలో తన ఇంటి దేవుడి గూటి ముందు, అరచేతిలో వాడిన గన్నేరు పూవుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటి నుంచీ అలాగే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పి ఆమెను కదిలిస్తాను.

లక్ష్మీప్రియ ధర్మవరం నేతగాడు చిన్నస్వామికి ఒక్కతే కూతురు. పుట్టపర్తిలో ఒక ఆసుపత్రిలో డయాలసిస్ నర్సు. ఆమె భర్త శివప్రసాద్ హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకుంటాడు. ఇద్దరి ఉద్యోగాలకూ మధ్యలో ఉంటుందని పెనుకొండలో కాపురం పెట్టారు. పోయిన ఏడాది వాళ్ళకు పుట్టిన బిడ్డ ఏడవకుండానే పోయింది. ఆ తర్వాత బస్టాండులో, కూరగాయల అంగట్లో, ఆసుపత్రి వరండాలో ఎదురైన ప్రతి మనిషీ ఓదార్చడం మొదలుపెట్టాడు. ఓదార్పు ఎంత హింసో ఆ మొగుడూ పెళ్ళాలకు అప్పుడే తెలిసింది. తమ ముఖం ఎరగని దేశానికి పోయి, అక్కడే ఇల్లు కొనుక్కొని, అక్కడే ముసలివాళ్ళమైపోదాం అనుకున్నారు. తిరిగి వచ్చే మాట లేదు.

నర్సులకు ఈ రోజుల్లో దేశాలు కరువు కాదు. రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది: ఆస్ట్రేలియాలో పెర్త్, ఇంగ్లండులో లెస్టర్. ఎండలు మన ఎండల్లాగే ఉంటాయి, స్నేహితుడు వేణు అక్కడే ఉన్నాడు, కాబట్టి పెర్త్ అన్నాడు శివప్రసాద్. వేణు ఉన్నాడు కాబట్టే పెర్త్ వద్దంది లక్ష్మీప్రియ. లెస్టర్‌లో అయితే తనకు వచ్చిన పని డయాలసిస్ వార్డులోనే. పైగా ఆ ఊళ్ళో తనను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాదించుకున్నారు, అలిగారు, అన్నం మానేశారు. చివరికి చిన్నస్వామి, "ఎందుకప్పా కొట్లాట, చౌడమ్మను పూవు అడుగుదాం రాండి" అన్నాడు.

చిన్నస్వామి ఉండే వీధిలో నేతవాళ్ళకు చౌడమ్మ గుడిలో పూవు అడగడం తాతల నాటి అలవాటు. అమ్మవారి రెండు భుజాలకూ తడి పూలు అతికిస్తారు. ఏది ముందు పడితే అదే ఆమె మాట. కుడి భుజం పెర్త్, ఎడమ భుజం లెస్టర్ అనుకున్నారు. శుక్రవారం అలంకారం వంతు చిన్నస్వామిదే, పూలు అతికించింది అతనే. అందరూ చేతులు జోడించి చూస్తుండగా కుడి పూవు పడింది. శివప్రసాద్ ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. ఎడమ భుజం మీది పూవును కూడా పూజారి తీసి లక్ష్మీప్రియ కొంగులో వేశాడు. శనివారం పొద్దున దాన్ని దేవుడి గూట్లో పెట్టబోయి చూస్తే, తొడిమకు ఏదో చుట్టుకొని ఉంది. అక్కడ ఆపాం కదా. ఇక కదులు తల్లీ.

కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసింది. పట్టు పోగు. దూరం నుంచి చూస్తే కనపడనే కనపడదు. పూవు భుజం మీద నుంచి జారకుండా అమ్మవారి చీర అంచుకు దాన్ని కట్టేశారు. తీసేటప్పుడు పూజారి చెయ్యి తగిలి తెగినట్టుంది. మామూలు మనిషి అయితే ముడి వేసేవాడు. ఈ పోగుకు ముడి లేదు, కొనలకు బూడిద అద్ది మెలివేసిన అతుకు ఉంది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతున్నప్పుడు కొత్త పడుగు పోగులను అలాగే అతుకుతారు. ముడి వేస్తే నేతలో అడ్డం పడుతుంది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నాయన పక్కన కూర్చుని ఎన్ని వేల పోగులు అతికిందో లక్ష్మీప్రియకే తెలియదు. ఈ అతుకు మెలి ఎడమవైపుకు తిరిగి ఉంది. కుడి బొటనవేలు ఎప్పుడో తలుపు సందులో నలిగినప్పటి నుంచి ఎడమ చేత్తో మెలివేసే మనిషి ఆ వీధిలో ఒక్కడే.

లక్ష్మీప్రియ కూర్చుండిపోయింది. మొదట వచ్చింది కోపం కాదు, భయం. నాయనకు పెర్త్ ఏమిటో, లెస్టర్ ఏమిటో తెలియదు. ఆయనకు తెలిసిన పరదేశం బెంగుళూరు. మరి ఆయన చేత ఈ పని ఎవరు చేయించి ఉంటారు? పెర్త్ కావాలని పట్టుబట్టింది ఎవరు? పక్క గదిలో శివప్రసాద్ ఈల వేసుకుంటూ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బిడ్డ పోయిన తర్వాత అతను ఈల వేయడం ఇదే మొదలు. ఆ ఈల విని ఆమెకు ఒళ్ళు మండింది.

"సాయంత్రం లోపల పెర్త్ వాళ్ళకు మెయిల్ పెట్టేద్దాం ప్రియా. ఆలస్యం చేస్తే సీటు ఇంకొకరికి పోతాది" అన్నాడు లోపలి నుంచే.

"నేను వచ్చేదాకా పెట్టొద్దండీ."

"యాడికి పోతాండావు?"

"ధర్మవరం. నాయనతో పనుండాది."

పూవును రుమాల్లో మడిచి బస్సెక్కింది. ఆసుపత్రికి సెలవు చెప్పడం కూడా బస్సులోనే, ఫోన్లోనే. దారి పొడుగునా ఒకే ఆలోచన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో శివప్రసాద్ ఆమెకు ఒక్క అబద్ధమైనా చెప్పి ఎరగడు. ఆ ఒక్క నమ్మకం మీదే అతని చెయ్యి పట్టుకొని ఎవరూ లేని ఊరికి పోదామనుకుంది. అదే పోతే పెర్త్ అయినా ఒకటే, పాతాళమైనా ఒకటే.

చిన్నస్వామి ఇంట్లో ముందు గదంతా మగ్గమే. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకొని కొత్త పడుగు అతుకుతున్నాడు. పక్కనే కొబ్బరి చిప్పలో బూడిద. గోడ మీద భార్య సుంకమ్మ ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. లక్ష్మీప్రియ పదో తరగతి చదివేటప్పుడు సుంకమ్మ ఇంటి పనికి కువైట్ పోయింది. పోయిన రెండో ఏడు అక్కడే జబ్బు చేసి చనిపోయిందని కబురు. శవం రాలేదు. దర్భలతో బొమ్మ చేసి చిత్రావతి ఒడ్డున కాల్చి చిన్నస్వామి దినాలు చేశాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. వీధిలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు ఇప్పటికీ ఆయన్నే చూపించి బుద్ధి చెబుతారు.

"ఏం పాపా, చెప్పకుండా వస్తివి? ఒళ్ళు బాగుండాదా?" అన్నాడు తలెత్తి.

"బాగుండా."

"అల్లుడు రాలేదా?"

ఆ మాట వినగానే లక్ష్మీప్రియ చెప్పులు కూడా విడవకుండా మగ్గం దగ్గరికి వచ్చి, రుమాలు విప్పి పడుగు పక్కన పెట్టింది. చిన్నస్వామి చూశాడు. చూసి మళ్ళీ పోగుల మీదికి వంగాడు.

"ఇది ఎవురు కట్టినారు నాయనా?"

"ఏమో. పూజారి కట్టింటాడు. గాలికి పడిపోతాదని."

"పూజారికి పడుగు అతికే పని ఎప్పుడొచ్చె?"

చిన్నస్వామి చిప్పలో వేలు ముంచి ఇంకో పోగు మెలివేయబోయాడు. తెగిపోయింది. ఇంకోటి తీసుకున్నాడు. అదీ తెగింది.

"పడాల్సిన పూవును కట్టేసినావు. చౌడమ్మ ముందర, నా ముందర. ఇంటి ఆడబిడ్డ బతుకంతా యాడ బతకాల్నో అడుగుతాంటే అమ్మవారి నోరు కట్టేస్తివి. నిన్ను ఎవురడిగినారు ఈ పని చెయ్యమని?"

"ఎవురూ అడగలేదు."

"అల్లుడు అడిగినాడా?"

"పాపా!"

"చెప్పు నాయనా. ఆయనకు పెర్త్ కావాల. ఆడ ఆయన స్నేహితుడుండాడు. నీ దగ్గరికి వచ్చి, మామా ఇట్ల చెయ్యి అన్నాడా? అట్లయితే నేను పెర్త్‌కూ పోను, పెనుకొండకూ పోను. ఈడనే ఉండిపోతా."

"ఆ పిల్లోని మీద పెట్టొద్దు. ఆయప్పకు ఏమీ తెల్దు. చౌడమ్మ మీద ఆన."

"ఏ చౌడమ్మ? నువ్వు మోసం చేసిన చౌడమ్మనా?"

ఈ మాట అనకుండా ఉండాల్సిందని నోరు దాటాక అనిపించింది. ఆ ముసలాయనకు ఇన్నేళ్ళుగా ఉన్న ఒకే ఒక్క తోడు ఆ దేవత. చిన్నస్వామి ముఖం నల్లబడింది. గుంతలోంచి కాళ్ళు తీయబోయి, తీయలేక అక్కడే కూర్చున్నాడు.

"నిన్న పూవు పడినాంక మళ్ళా గుడికి పోలేదు పాపా. దీపం కూడా పక్కింటి యల్లక్కతో పెట్టించినా. చెయ్యి ఆడలేదు" అన్నాడు.

ఆ సమయానికి ఫోన్ మోగింది. శివప్రసాద్. "ఏమైంది ప్రియా? నాయనకు బాగుండాదా? ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీ అమ్మాయి మళ్ళా ఫోన్ చేసింది. పెర్త్ అని చెప్పేద్దునా?"

అతని గొంతులో దాపరికం ఏదైనా ఉందేమోనని లక్ష్మీప్రియ చెవి ఒగ్గి విన్నది. ఏమీ లేదు. బిడ్డ పోయినప్పటి నుంచి ఏ పని అయినా ఆమెను అడగకుండా చేయని మనిషి గొంతు, అంతే. అనుమానించినందుకు ఆమెకు సిగ్గేసింది.

"ఇంకొంచెం సేపు ఆగండి. నేనే చేస్తా" అని పెట్టేసింది. పెట్టేసి నాయన వైపు తిరిగింది. అల్లుడు కాదు. మరి ఎవరు? ఎవరూ కాకపోతే ఈయనకు లెస్టర్ మీద ఇంత పగ ఎందుకు? మొండితనం కూతురికి నాయన దగ్గరి నుంచే వచ్చింది, కాబట్టి మెత్తగా అడిగితే చెప్పడని ఆమెకు తెలుసు. ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"సరే, నువ్వు చెప్పొద్దు. కట్టేసిన పూవు పూవు కాదు. నాకు మొదటి నుంచీ ఇష్టమైన ఊరే నా ఊరు. లెస్టర్ అని ఇప్పుడే పంపిస్తా."

"వద్దు!"

చిన్నస్వామి అరిచిన అరుపుకు వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి చూశారు. ఆయన గుంతలోంచి లేచి, పడుగు మీద చెయ్యి ఆన్చి, పోగులు పుటుక్కుమని తెగుతున్నా పట్టించుకోకుండా కూతురి మణికట్టు పట్టుకున్నాడు. పట్టు పోగు నేల మీద పడితే కళ్ళకద్దుకొని తీసే మనిషి.

"లెస్టర్ ఒక్కటి వద్దు పాపా. పెర్త్ పో. ఇంకేదైనా ఊరు చూసుకో, పెద్ద భూమి, వెయ్యి ఊళ్ళుండాయి. ఆ ఊరు మాత్రం వద్దు."

"ఎందుకు?"

"అడగొద్దు."

"ఎందుకు నాయనా?"

చిన్నస్వామి గోడ మీది ఫోటో వైపు చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి పోయి దగ్గరికి వేసి, అక్కడే, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆ ఊర్లో మీ అమ్మ ఉండాది" అన్నాడు.

లక్ష్మీప్రియకు అర్థం కాలేదు. నాయనకు మతి తప్పిందేమో అనుకుంది. నర్సు బుద్ధి, ఆయన కళ్ళలోకి చూసింది, చెయ్యి పట్టి నాడి చూసింది.

"అమ్మ చచ్చిపోయె కదా నాయనా. నువ్వే కదా దినాలు చేసింది."

"చేసినా. బతికుండే పెండ్లానికి చేసినా."

ఆపైన ఆయన ఆపకుండా చెప్పాడు. ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకొని తిరిగిన మాటలు కాబట్టి తడుముకోవాల్సిన పని లేకపోయింది.

"కువైట్‌లో ఆ ఇంటోళ్ళు శానా కష్టపెట్టినారు. కొట్టేది, తిండి పెట్టకుండా గదిలో వేసేది. ఎండాకాలం ఇంగ్లండుకు పోతా, పిల్లోళ్ళను చూసుకునేదానికి మీ అమ్మనూ పిల్చుకొని పోయినారు. ఆడ ఒక పొద్దు చెత్త పారేసేకి బయటికి వచ్చి, మళ్ళా లోపలికి పోలేదు. కట్టుబట్టలతో నడిచి పోయింది. పాసుపోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయె. యాడ పండుకునిందో, ఏం తినిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కడాకు లెస్టర్‌లో ఒకాయప్ప గుడ్డలు కుట్టే పని ఇప్పించి, ఇల్లు చూపించినాడు. మంచోడే. మళ్ళా... ఆయప్పతోనే ఉండిపోయింది."

"అమ్మనా?"

"మీ అమ్మనే. ఒక దినం ఫోన్ చేసింది. ఏడుస్తాదనుకుంటి, ఏడవలేదు. నేను చచ్చిపోతినని అందరికీ చెప్పు అనింది. ఇంకొకనితో ఉండిపోయినదాని కూతురంటే రేపు ఆ పాపను ఎవురు చేసుకుంటారు, చచ్చిపోయినదాని కూతురంటే చేసుకుంటారు అనింది. నేను తిట్టినా. నోటికొచ్చినట్ల తిట్టినా. తిట్టి తిట్టి, ఆలోచన చేస్తే ఆమె చెప్పిందే నిజం. అంతలోనే ఆమె పారిపోయిన సంగతి కువైట్ వాళ్ళు ఆమెను పంపిన ఏజెంటుకు చెప్పేసినారు. వాడు వచ్చి వీధిలో నోరు విప్పకముందే నేను చిత్రావతికి పోతి."

దూరంగా ఎవరి ఇంట్లోనో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది. లక్ష్మీప్రియ నేల మీద కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు.

ఎన్ని గుర్తుకొచ్చాయి! తల్లి లేని పిల్ల అని టీచర్లు ప్రత్యేకంగా చూసిన చూపు. ఏటేటా తిథి నాడు కాకులకు పెట్టిన ముద్ద. పెళ్ళి పీటల మీద తల్లి కూర్చోవాల్సిన చోట ఉంచిన ఫోటో, దానికి పెట్టిన కుంకుమ, అది చూసి పెళ్ళికి వచ్చినవాళ్ళంతా కళ్ళు తుడుచుకోవడం. అంత మంది కన్నీళ్ళు ఒక బతికి ఉన్న మనిషి కోసం. అవన్నీ ఎలాగో భరించవచ్చు. ఒక్కటి మాత్రం ఆమె భరించలేకపోయింది.

"నా బిడ్డ పోయిన దినం నేను ఎవర్ని పిలిచినానో నువ్వు విన్నావు కదా" అంది.

చిన్నస్వామి తల వంచుకున్నాడు.

"వార్డంతా వినింది. అమ్మా, అమ్మా అని గొంతు పోయేదాకా పిలిచినా. చచ్చిపోయినామె వస్తాదా అని నువ్వే నా తల నిమిరినావు. ఆ పొద్దయినా చెప్పాలని నీకు అనిపించలేదా?"

"బయటికి పోయి ఆమెకు ఫోన్ చేసినా పాపా. చెప్పినా. శానాసేపు ఏడ్చింది. బిడ్డ ఎవరి పోలిక అని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"నీ పోలికే అన్నా."

అప్పుడు ఏడ్చింది లక్ష్మీప్రియ. మోకాళ్ళ మీద తల పెట్టుకొని, శబ్దం వీధిలోకి పోకుండా కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. చిన్నస్వామి దగ్గరికి రావాలా వద్దా అని నిలబడి, చివరికి రాలేదు. దగ్గరికి వచ్చే అధికారం పోగొట్టుకున్నానని ఆయనకు తెలుసు.

ఏడుపు ఆగాక కొత్త కోపం వచ్చింది. ఇది ఇందాకటి కోపం కంటే చల్లగా ఉంది.

"సరే. ఊరికోసం, నా పెండ్లి కోసం దాచినావు. పెండ్లయిపోయె. ఇప్పుడు నేను లెస్టర్ పోతే ఏం నష్టం? నేను పోయి చూస్తే నీకేం పోతాది? ఆమె దగ్గరికి పోయి నిన్ను మర్చిపోతాననా?"

"నాకోసం కాదు పాపా."

"మరి?"

చిన్నస్వామి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"నీకు రెండు ఊళ్ళ నుంచి పిలుపు వచ్చిందని నేనే మీ అమ్మకు చెప్తి. ఒకటి లెస్టర్ అన్నా. ఎగిరి గంతేస్తాది అనుకుంటి. నిజంగానే సంతోషపడింది. వస్తాదా, నా ఊరికే వస్తాదా, దూరం నుంచి ఒకసారి చూసుకుంటా అనింది. మళ్ళా ఏం పని అని అడిగింది. ఆస్పత్రిలో, రక్తం శుభ్రం చేసే వార్డులో అని చెప్పినా. అంతే, మాట్లాడలేదు. ఫోన్ తెగిపోయిందేమో అనుకుంటి. తెగలేదు, ఊపిరి వినపడతానే ఉండాది. కడాకు, దాన్ని ఈడికి రానీవద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా, ఎట్లైనా చెయ్యి, రానీవద్దు అనింది."

"ఎందుకంట?"

"అడిగినా. చెప్పలేదు. ఆ పొద్దు నుంచి నేను ఫోన్ చేసినా ఒకటి రెండు మాట్లాడి పెట్టేస్తాది."

"నన్ను చూసేకి ఇష్టం లేదా ఆమెకు?"

చిన్నస్వామికి నిజంగానే తెలియదు. భార్య కాళ్ళు పట్టుకుంటానంది, ఈయన దేవతను మోసం చేశాడు. అంతకు మించి ఆలోచించే మనిషి కాదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. సుంకమ్మ చెప్పింది, చిన్నస్వామి చేశాడు. దినాలు చేయమంటే దినాలు, రానీవద్దంటే పూవు. మంచివాడనాలో, పిరికివాడనాలో నాకే తెలియడం లేదు, ఇక కూతురికి ఏం తెలుస్తుంది?

తల్లి చచ్చిపోయిందని తెలిసిన రోజు కంటే, తల్లి బతికి ఉండి తనను రావద్దందని తెలిసిన ఈ రోజు దుఃఖం పెద్దదని లక్ష్మీప్రియకు అనిపించింది. ఇంక పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఫోన్ ఇయ్యి" అంది.

"పాపా..."

"నీ ఫోన్ ఇయ్యి నాయనా. నేను ఆమెనే అడుగుతా. రావద్దని ఆమె నోటితోనే చెప్పనీ. చెప్పిందంటే పెర్త్ పోతా. ఈ జన్మలో లెస్టర్ పేరెత్తను. నువ్వు కట్టిన పూవే నిజమనుకుంటా."

చిన్నస్వామి మగ్గం పక్కన గూట్లో ఉన్న ఫోన్ తీశాడు. ఇవ్వలేదు, అలా అని దాచుకోనూ లేదు. లక్ష్మీప్రియే తీసుకుంది. ఆ నంబరుకు పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఒక మల్లెతీగ బొమ్మ ఉంది. అక్కడ ఇప్పుడు పొద్దున్నే అయి ఉంటుంది. లక్ష్మీప్రియ నొక్కింది. తల్లి గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. ఏం పిలవాలి? అమ్మా అనాలా? సుంకమ్మా అనాలా? రింగు పోతూనే ఉంది. చిన్నస్వామి మళ్ళీ మగ్గం గుంతలోకి దిగిపోయాడు. నిలబడడానికి ఆయనకు ఆ ఇంట్లో వేరే చోటు దొరకలేదు కాబోలు.

అవతల ఎవరో ఎత్తారు.

"హలో, ధర్మవరం మామా!"

ఆడపిల్ల. హైస్కూలు వయసు ఉంటుందేమో. ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్ల అని పలకడంలో తెలుస్తూనే ఉంది, కానీ తెలుగు మాత్రం ఇదే వీధి తెలుగు. లక్ష్మీప్రియ నాయన వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇది కూడా దాచాడన్నమాట.

"ఏం మామా, ఈ పొద్దు చేసినావే? అమ్మ ఇంట్లో లేదు. ఆస్పత్రికి పోయిండాది."

లక్ష్మీప్రియ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"ఈ పొద్దు శనివారం గదా, డయాలసిస్. వచ్చేతలికి మధ్యాన్నమైతాది. వారానికి మూడు దినాలు గదా..." అంటూ ఆ పిల్ల ఉలిక్కిపడి ఆగింది. "అయ్యో, నీకు చెప్పొద్దనింది అమ్మ! నేను చెప్పినానని చెప్పొద్దు మామా, ప్లీజ్. నన్ను తంతాది."

గదిలో ఆ మాటలన్నీ చిన్నస్వామికి కూడా వినబడ్డాయి. డయాలసిస్ అంటే ఏమిటో ఆయనకు తెలుసు. కూతురు చేసేది అదే పని.

లక్ష్మీప్రియకు మాత్రం అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. చూడడం ఇష్టం లేక కాదు. వార్డు పేరు వినగానే ఎందుకు ఊరుకుండిపోయిందో, ఎందుకు కాళ్ళు పట్టుకుంటానందో తెలిసిపోయింది. లెస్టర్‌లో తనకు పని ఇస్తామన్న వార్డు మంచాల్లో ఏదో ఒకదాని మీద వారానికి మూడు రోజులు సుంకమ్మ చెయ్యి చాపుకొని పడుకుంటోంది. చచ్చిపోయానని చెప్పించిన కూతురు వచ్చి ఆ చేతికి సూది గుచ్చాల్సి వస్తుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఇంకా ఎంత కాలం ఉంటుందో లక్ష్మీప్రియకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజూ ఆ లెక్క మనసులో వేసుకుంటూ, రోగుల ముందు నవ్వుతూ తిరగడమే ఆమె ఉద్యోగం.

"మామా? మాట్లాడవేంది? కోపమా?"

"నేను మామను కాదమ్మా."

అవతల పిల్ల ఆశ్చర్యంగా అడిగింది.

"ఎవురు మీరు? మీ గొంతు అచ్చం మా అమ్మ గొంతు మాదిరే ఉండాదే!"

లక్ష్మీప్రియ తలెత్తింది. మగ్గం గుంతలో నిలబడి, తెగిన పోగుల మధ్య నుంచి చిన్నస్వామి కూతురికి రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. చెప్పొద్దని ఆ చేతులు. ఆ పిల్లకు తెలియదని ఆ చేతులు.

లక్ష్మీప్రియ నాయన ముఖం మీద నుంచి చూపు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకొని, వార్డులో భయపడే రోగులతో మాట్లాడే గొంతుతో మెల్లగా చెప్పింది.

"నేనొక నర్సునమ్మా. మీ అమ్మ పడుకునే వార్డుకే వస్తాండా."